దూరతీరాల కళలు – మన నిత్యజీవనం

గుంటూరు పేరు చెప్పగానే ఎవరికైనా మొదట స్ఫురించేది మిరపకాయ. ఆవకాయలోనైనా, గోంగూర పచ్చడిలోనైనా మిరప లేని తెలుగు భోజనాన్ని మనం ఊహించలేము. అయితే ఈ మిరప మన నేలలో పుట్టినది కాదు. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథునికి మిరపకాయ రుచి తెలియదు. ఆయన కాలంలో మన వంటకాలకు ఘాటునిచ్చింది మిరియమే. 1492లో కొలంబస్ కరేబియన్ దీవులను చేరిన పిమ్మటనే ఐరోపావారికి మిరపతో పరిచయం కలిగింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడలలో అది భారతదేశానికి వచ్చింది. అతిథిగా వచ్చి ఇంటిబిడ్డ అయింది. నేడు దానిని పరాయిదని అనగల సాహసం గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఎవరికుంది?

ఆ కరేబియన్ సముద్రంలోనే జమైకా అనే చిన్న దీవి ఉంది. రెగే అనే సంగీతరీతికి అది పుట్టినిల్లు. మిరపను పంపిన దిక్కు నుండి ఒక పాట వస్తే దానిని వాకిటనే నిలిపివేయాలా, లోనికి పిలిచి పీట వేయాలా? ఇరాన్, జపాన్, ఇటలీ దేశాల సినిమాలు మన కంటికి అందుబాటులోకి వస్తే వాటిని చూడడం కాలహరణమా, చిత్తసంస్కారమా? విద్యార్థులు ఆలోచించదగిన ప్రశ్నలివి. పీట వేయాలన్నదే నా అభిప్రాయం. అయితే పీట వేయడానికి కూడా ఒక పద్ధతి ఉంది.

దీనిపై వినిపించే ఆక్షేపణలలో మొదటిది: "ఇవి మన సంస్కృతి కావు, వీటి వెంట పడితే మనవి మరచిపోతారు." ఇది పెద్దల మాట. ఈ మాట వెనుక ఉన్న బెంగ నిజమైనదే. కాని చరిత్ర ఈ భయాన్ని సమర్థించదు. మన పద్యనాటకానికి ప్రాణం వంటిది హార్మోనియం. అది 1842లో పారిస్ నగరంలో రూపుదిద్దుకొన్న వాద్యం. హార్మోనియం శ్రుతి లేనిదే రాయబార పద్యాన్ని ఊహించలేని రసికులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. ఇక వయొలిన్ పాశ్చాత్య వాద్యమన్న సంగతి కచేరీ వినేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? బలమైన సంస్కృతి వచ్చినదానిని తనలో కలుపుకొంటుంది. తలుపులు మూసుకొన్న ఇంట్లో బయటి దుమ్ము చేరదన్నది నిజమే. కాని గాలి కూడా చేరదు.

ఈ విషయంలో మన ప్రాంతానికి గొప్ప వారసత్వం ఉంది. ఒకప్పటి ప్రకాశం జిల్లాలోను, నేటి బాపట్ల జిల్లాలోను ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధమైన ఓడరేవు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవ చక్రవర్తి ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని విదేశీ వర్తకులకు అభయమిస్తూ 1244లో అక్కడ శాసనం వేయించాడు. పరదేశి సరుకుకు అభయమిచ్చిన నేల మనది. పరదేశి పాటకు అభయమివ్వడానికి సంకోచం ఎందుకు?

రెండవ ఆక్షేపణ మరింత సూటియైనది: "వారి భాష మనకు రాదు, వారి కష్టసుఖాలు మనకెట్లా అర్థమవుతాయి?" దీనికి మన ఆలంకారికులు ఏనాడో సమాధానం చెప్పారు. భరతముని రససూత్రాన్ని వ్యాఖ్యానించినవారిలో భట్టనాయకుడు ఒకడు. ఆయన సాధారణీకరణమనే భావనను ప్రతిపాదించాడు. రంగస్థలం మీద సీతావియోగానికి రాముడు దుఃఖిస్తుంటే, ఆ దుఃఖం రామునికి మాత్రమే చెందిన సొంత బాధగా ప్రేక్షకునికి తోచదు. అది దేశకాలాల హద్దులను విడిచి, మానవులందరికీ చెందిన భావంగా మారుతుంది. అందువల్లనే త్రేతాయుగపు కథ నేటి మనిషి కంట నీరు తెప్పిస్తుంది. యుగాల దూరాన్ని దాటగలిగిన మనసుకు సముద్రాల దూరం ఒక లెక్కా?

ఒక ఉదాహరణ చూద్దాము. ఇటలీ దర్శకుడు విట్టోరియో డిసికా 1948లో "సైకిలు దొంగలు" అనే చిత్రాన్ని తీశాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి రోము నగరం అందులోని కథాస్థలం. పనిలేక అలమటిస్తున్న ఆంటోనియో అనే వ్యక్తికి గోడలపై ప్రకటనలు అతికించే ఉద్యోగం దొరుకుతుంది. దానికి సైకిలు ఉండితీరాలి. భార్య ఇంట్లోని దుప్పట్లను కుదువ పెట్టి, తాకట్టులో ఉన్న సైకిలును విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటి రోజే ఆ సైకిలును ఎవరో దొంగిలిస్తారు. తండ్రీకొడుకులు నగరమంతా వెదకుతారు. చివరకు నిస్సహాయుడైన ఆ తండ్రి తానే మరొకరి సైకిలును దొంగిలించబోయి, కన్నకొడుకు కళ్లెదుటే పట్టుబడతాడు. సైకిలు యజమాని ఆ బాలుని ముఖం చూసి ఫిర్యాదు చేయకుండా వదిలివేస్తాడు. కొడుకు మౌనంగా తండ్రి చేయి పట్టుకొంటాడు. ఇంతే కథ. ఆంటోనియో పాత్ర ధరించినవాడు వృత్తినటుడు కాదు, కర్మాగారంలో పనిచేసే కార్మికుడు.

ఈ కథ అర్థం కావడానికి ఇటాలియన్ భాష రావాలా? 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తినివేసినప్పుడు అప్పుల పాలైన కుటుంబాలలో ఆంటోనియో వంటి తండ్రులు లేరా? పుస్తెలు తాకట్టు పెట్టి పురుగుమందులు కొన్న ఇల్లాలికి, దుప్పట్లు కుదువ పెట్టిన ఆ తల్లి చెల్లెలు కాదా? రోములో సైకిలు పోతే ఒక సంసారం కూలింది. ఇక్కడ ఒక పంట పోతే ఎన్నో సంసారాలు కూలాయి. మన పొలంగట్టు మీది కష్టాన్ని మరొక ఖండపు తెరపై చూసినప్పుడు రెండు మేళ్లు కలుగుతాయి. మన దుఃఖం మనకొక్కరికే రాలేదన్న ధైర్యం ఒకటి. దానికి మన తలరాత మాత్రమే కారణం కాదన్న వివేకం మరొకటి.

1952లో భారతదేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. మదరాసుతో సహా పలు నగరాలలో నడిచిన ఆ ఉత్సవంలో "సైకిలు దొంగలు" ప్రదర్శితమైంది. అదే ఉత్సవానికి మన "పాతాళభైరవి" కూడా ఎంపికైంది. ఆ చిత్ర నిర్మాతలలో ఒకరైన చక్రపాణి తెనాలి ప్రాంతంవారు. ఆయన వంగభాష నేర్చి శరత్ నవలలను తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదాలు చదివి శరత్ తెలుగువాడేనని భ్రమించిన పాఠకులు ఉండేవారని చెబుతారు. పరభాషా సాహిత్యాన్ని ప్రేమించినందువల్ల చక్రపాణి తెలుగుదనం తరిగిందా? "పాతాళభైరవి" చూసినవారు ఎవరూ ఆ మాట అనలేరు.

ఇక రెగే విషయం. ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిరాబడి, జమైకా చెరకుతోటలలో చెమటోడ్చిన జనుల సంతతివారు 1960ల చివరి భాగంలో ఈ సంగీతానికి రూపమిచ్చారు. మనం సాధారణంగా బలంగా వినే దెబ్బను ఇందులో తేలిక చేసి, దాని నడుమ ఖాళీలో గిటారును పలికిస్తారు. డ్రమ్ము, మంద్రస్వరంలో నడిచే బాస్ గిటారు పాటకు వెన్నెముకలుగా నిలుస్తాయి. అందువల్ల ఆ నడక అలసిన మనిషికి ఊయల ఊపినట్లు ఉంటుంది. మాటలు మాత్రం నిద్రపుచ్చేవి కావు. ఆకలి, అణచివేత, ఆత్మగౌరవం వాటి విషయాలు. 1945లో ఒక జమైకా పల్లెలో పుట్టిన బాబ్ మార్లే ఈ సంగీతాన్ని ప్రపంచానికి చేర్చాడు. 1978లో కింగ్‌స్టన్ నగరంలో జరిగిన శాంతి కచేరీలో, పరస్పరం వైరం వహించిన ఇద్దరు నాయకులను, మైఖేల్ మాన్లీని, ఎడ్వర్డ్ సియాగాను, వేదికపైకి పిలిచి వారి చేతులు కలిపాడు. దానితో హింస ఆగిపోలేదు. 1980 ఎన్నికల వేళ ఆ దేశంలో మళ్ళీ రక్తం పారింది. పాట తుపాకిని ఆపలేకపోవచ్చు. కాని తుపాకి లేని బ్రతుకు ఎట్లా ఉంటుందో క్షణకాలమైనా చూపగలదు. 1981లో ముప్ఫయి ఆరేళ్ల వయసులోనే మార్లే కన్నుమూశాడు. 2018లో యునెస్కో రెగేను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

గుమ్మెట మోత విన్న గుంటూరు జిల్లావారికి ఇది కొత్త సంగతి కాదు. పొన్నెకల్లు గ్రామానికి చెందిన షేక్ నాజర్ నిరుపేద కుటుంబంలో పుట్టి బుర్రకథకు పితామహుడనిపించుకొన్నారు. 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని చెప్పిన ఆ కంఠమే 1943 నాటి బెంగాల్ కరువును కూడా బుర్రకథగా చెప్పింది. ఎక్కడి వంగదేశం, ఎక్కడి తెలుగు పల్లె! ముఖమెరుగని మనుషుల ఆకలిని తమ ఆకలిగా భావించి కన్నీరు పెట్టిన శ్రోతలు మన పూర్వులు. వారు దానిని ప్రపంచకళ అని పిలవలేదు. కథ విన్నారు, కదిలిపోయారు, అంతే.

రెగే నుండి మన విద్యార్థులు నేర్చుకోదగిన మరొక పాఠం ఉంది. జమైకా గాయకులు చాలామంది పాఠశాలలో నేర్పిన ఆంగ్లంలో కాక, తమ వాడలలో మాట్లాడే భాషలో పాడారు. ఆ యాసను మొదట చదువుకొన్నవారు చిన్నచూపు చూశారు. నేడు లోకమంతా ఆ యాసను అనుకరిస్తున్నది. పల్నాటి పల్లె నుండో, ఒంగోలు పరిసరాల నుండో వచ్చి పట్టణపు కళాశాలలో చేరిన పిల్లలు తమ మాటతీరుకు సిగ్గుపడి నోరు విప్పకపోవడం అధ్యాపకులందరికీ తెలిసిన సంగతే. దూరదేశపు యాసకు తలలూపుతూ, అమ్మ మాట్లాడే యాసను దాచుకొనేవారికి ఆ సంగీతం వినిపించింది గాని అర్థం కాలేదన్నమాట.

ఇక్కడే పీట వేసే పద్ధతి గురించి చెప్పాలి. మార్లే ముఖచిత్రం ఉన్న చొక్కాలు ఒంగోలు బజారులోనైనా దొరుకుతాయి. ఆయన ఎవరో, ఏమి పాడాడో తెలియకుండా ఆ చొక్కా తొడుక్కోవడం వేషమే తప్ప రసజ్ఞత కాదు. అట్లే, కళాకారుని పాటను మెచ్చుకొన్నంతమాత్రాన అతని అలవాట్లన్నింటినీ తలకెత్తుకోనక్కరలేదు. హంస పాలను గ్రహించి నీటిని విడిచిపెడుతుందని మన కవులు వర్ణించారు. ఆ వివేకం శ్రోతకు కూడా ఉండాలి. విదేశీయమైనది కాబట్టి గొప్పదనడం ఎంత అవివేకమో, విదేశీయమైనది కాబట్టి చెడ్డదనడం అంతే అవివేకం.

మూడవ ఆక్షేపణ కాలానికి సంబంధించినది. తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయిన తరువాత ముగిసే చదువులివి. మార్కులు, ర్యాంకులు, ప్రవేశపరీక్షలు. వీటి నడుమ సినిమాలు, పాటలా అని తల్లిదండ్రులు అడుగుతారు. అప్పుచేసి బిడ్డను చదివిస్తున్న రైతు ఈ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. నేను కోరేది చదువు మానివేయమని కాదు. వారానికి ఒక సినిమా, రోజుకు ఒక పాట చాలు. ఎటూ సెల్‌ఫోను తెరపై తుంపులు తుంపులుగా కరిగిపోతున్న కాలంలో ఇది కొంత భాగం మాత్రమే. తుంపులు చూసిన కన్ను అలసిపోతుంది. పూర్తిగా చూసిన ఒక మంచి కథ మనసును నిలకడ చేస్తుంది. నిలకడ లేని మనసుకు ఏ పాఠమూ పట్టదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి ఒక సూచన. ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన "చిల్డ్రన్ ఆఫ్ హెవెన్" చూడండి. పోయిన చెప్పుల జత కోసం ఒక అన్నా చెల్లెలు పడే తపన ఆ చిత్రకథ. ఉన్న ఒక్క జతను ఇద్దరూ వంతులు వేసుకొని బడికి తొడుక్కుపోతారు. ఆ తరువాత సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి" చూడండి. 1955లో విడుదలైన ఆ చిత్రాన్ని తీయడానికి "సైకిలు దొంగలు" రాయ్‌కు ప్రేరణనిచ్చింది. రేపల్లె ప్రాంతంలో జన్మించిన కె. విశ్వనాథ్ "శంకరాభరణం"ను వీటి పక్కన ఉంచి చూడండి. తెర అడుగున కనిపించే అనువాద వాక్యాలను చదవడానికి మొదట కష్టమనిపిస్తుంది. నాలుగు చిత్రాలకు అలవాటవుతుంది. చూసిన తరువాత ఏమనిపించిందో తెలుగులో అయిదారు వాక్యాలు రాసుకోండి. పరభాషలో పొందిన అనుభవాన్ని మాతృభాషలో చెప్పడానికి పూనుకొన్నప్పుడు మన నుడికారం పదునెక్కుతుంది. నన్నయాదుల నుండి మన కవులు చేసిన పని ఇదే కదా!

పాట విన్న సాయంత్రం ఇంట్లో నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి. మిరపకాయల కోతలలో, పత్తితీతలలో వారు ఏ పాటలు పాడేవారో చెప్పించుకొని రాసిపెట్టండి. జమైకా చెరకుతోటల గానానికి పొంగిన హృదయం సొంత ఊరి చేలలో పుట్టిన పాటకు స్పందించకపోతే ఆ పొంగు నిజమైనది కాదు. రెగేను గాయకులు ధ్వనిముద్రికలలో భద్రపరిచారు. మన కోతల పాటలు ఎన్నో ముసలితల్లుల నాలుకల మీదనే మిగిలి ఉన్నాయి. వారు వెళ్లిపోతే అవీ వెళ్లిపోతాయి. దూరపు పాటను ప్రేమించడం నేర్చిన చెవి ఈ దగ్గరి పాటను కాపాడే బాధ్యతను కూడా తలకెత్తుకోవాలి.