చిన్నోడి బడి గడప



వేసవి సెలవుల్లో పిల్లలతో ఎలా గడిపామో కిందటి నెల ఈ శీర్షికలో రాస్తూ మా చిన్నోడి సంగతి ఒక్క వాక్యంలో చెప్పాం. అది చదివి పలమనేరు వైపు నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. "మా పాపకు మూడేళ్లు నిండినాయి. మీ బాబు మాదిరే డౌన్ సిండ్రోమ్ అని చెప్పినారు. బడికి పంపించేదా, ఇంట్లోనే పెట్టుకునేదా? పంపితే ఏ బడికి? మీరు ఎట్ల చేసినారో దాచకుండా రాయండి" అని అడిగారు. దాచకుండా అన్న మాట మమ్మల్ని పట్టుకుంది. మేము డాక్టర్లం కాము, చిత్తూరులో కాపురముంటున్న మామూలు సంసారులం. మేము చేసినదీ, చేయబోయి తప్పినదీ రెండూ రాస్తాం.

చిన్నోడు 2019లో పుట్టాడు. మూడో రోజున డాక్టరమ్మ వాడి అరచేతిలో అడ్డంగా ఉన్న ఒకే గీతనూ, కళ్లనూ చూసి రక్తపరీక్ష రాసిచ్చింది. మనందరి కణాల్లో 21వ క్రోమోజోము రెండు ప్రతులుంటే వీడికి మూడున్నాయి. 1866లో లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ లక్షణాలను వర్ణించాడు. అసలు కారణాన్ని 1959లో ఫ్రాన్సులో లెజూన్, ఆయన తోటి పరిశోధకులు బయటపెట్టారు. అంటే దాదాపు వందేళ్లు తల్లిదండ్రులు కారణం తెలియకుండానే తమను తాము నిందించుకున్నారన్నమాట. కారణం తెలిసిన తర్వాత కూడా మన వీధుల్లో నింద పోలేదు. చూడడానికి వచ్చిన బంధువు ఒకరు, "ఎవరు చేసిన పాపమో తల్లీ" అని వెళ్లారు. ఆ రాత్రి మేము యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీశాం. శిష్యులు సరిగ్గా ఆ ప్రశ్నే అడిగారు, ప్రభువు ఇద్దరి మీదా ఆ నేరం మోపలేదు. అది చదివాక ఆ బంధువు మాట మా ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఇలాంటి బిడ్డల్లో సుమారు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్, వినికిడి, చూపు కూడా పరీక్షిస్తూ ఉండాలి. చెవిలో నీరు చేరి సరిగా వినబడకపోతే, బిడ్డ మాట వినడం లేదని మనం పొరబడతాం. ఉత్తరం రాసిన అమ్మగారికి మొదటి మనవి ఇదే: బడి సంగతికి ముందు చెవి పరీక్ష చేయించండి.

మాకు వేలూరు దగ్గర. బస్సెక్కితే గంట ప్రయాణం. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈనాటి సి.ఎం.సి. ఆసుపత్రి అయిందని చిత్తూరు జిల్లా సంఘాల్లో తెలియని ఇల్లు ఉండదు. అక్కడ పిల్లల ఎదుగుదలను చూసే విభాగం ప్రత్యేకంగా ఉంది. బాగాయంలో 'నంబిక్కై నిలయం' అని ఒక చోటుంది, తమిళంలో నంబిక్కై అంటే నమ్మకం. అక్కడ బిడ్డతో పాటు తల్లిదండ్రులకు కూడా శిక్షణ ఇస్తారు. బిడ్డకు వారానికి ఒక గంట నేర్పేది డాక్టరైతే, మిగిలిన గంటలన్నీ నేర్పేది ఇల్లే కదా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. చిత్తూరుకు వేలూరు ఊరి పక్క ఊరే అయినా మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందని ఆ నెలల్లోనే మాకు బాగా తెలిసొచ్చింది. వ్యాయామాలు ఇంట్లోనే చేయించాం. బియ్యం మూటను దుప్పటితో చుట్టి దాని మీద బోర్లా పడుకోబెట్టేవాళ్లం. వాళ్ల అవ్వ ఎదురుగా కూర్చొని గిన్నె మీద గరిటెతో కొడితే తల ఎత్తేవాడు. రెండేళ్ల మూడు నెలలకు నడిచాడు. ఆ రోజు మా ఇంట్లో జరిగిన సంబరం పెద్దపిల్ల బాప్తిస్మం నాడు కూడా జరగలేదు.

ఇక బడి. 2022లో మూడేళ్లు నిండాయి. మా వీధి చివర అంగన్‌వాడీ కేంద్రం ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. బాలామృతం పొట్లం, గుడ్డు తెచ్చుకోవడానికి తప్ప దాన్ని బడిగా మేము ఎన్నడూ చూడలేదు. నిజం చెప్పాలంటే మాకు కొంత చిన్నచూపు ఉండేది. పెద్దపిల్లను ఇంగ్లీషు మీడియం నర్సరీకి పంపినవాళ్లం కదా. ఆ చిన్నచూపుకు తర్వాత మూల్యం చెల్లించాం.

అంగన్‌వాడీ టీచరమ్మ మొదటి రోజు ఒకే ఒక మాట అడిగింది: "వాడికి ఏమిష్టమో చెప్పండమ్మా, ఏం రాదో తర్వాత చూద్దాం." అప్పటిదాకా ఎవరూ మమ్మల్ని ఆ ప్రశ్న అడగలేదు. వాడికి నీళ్లు పోసే ఆట ఇష్టమన్నాం. మొదటి వారం రోజుకు అరగంటే, అదీ అవ్వ పక్కన కూర్చుంటేనే. రెండో వారం అవ్వ గుమ్మం దగ్గరికి జరిగింది, మూడో వారం బయట వేపచెట్టు కిందికి. నెలన్నర తర్వాత ఇంటికి వచ్చేసింది. ఆ రోజు వాడు ఏడవలేదు, ఇంటికొచ్చి ఏడ్చింది అవ్వే.

ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. ఇలాంటి పిల్లలకు చెవితో విన్నదాని కంటే కంటితో చూసింది ఎక్కువగా నిలుస్తుందని వేలూరులో చెప్పారు. అందుకని ఆరు ఫొటోలు తీసి అట్ట మీద అంటించాం: మా ఇంటి తలుపు, అంగన్‌వాడీ గడప, టీచరమ్మ, గుడ్డు తినే చాప, బాత్రూము, చివరగా అమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని నిలబడిన బొమ్మ. రోజూ పొద్దున వేలు పెట్టి చూపించేవాళ్లం. చివరి ఫొటో లేకుండా మొదటి ఐదూ చూపించి లాభం లేదు. తీసుకుపోవడానికి వస్తారన్న భరోసా ఉంటేనే బిడ్డ ఉండడానికి ఒప్పుకుంటాడు. మాట ఆలస్యం కనుక నీళ్లు, చాలు, బాత్రూము అనే మూడింటికి చేతి సైగలు నేర్పాం. సైగలు నేర్పితే మాట రాదని ఒక పెద్దాయన భయపెట్టాడు గానీ అది నిజం కాదు. వాడికి మాట వచ్చేదాకా సైగ ఊతకర్రలా ఆదుకుంది. టీచరమ్మ ఆ మూడూ నేర్చుకుంటే, అక్కడి పిల్లలు మూడు నేర్చుకొని తామే ఇంకో పది కనిపెట్టారు.

అంతా బాగుంటే మేమెందుకు ఊరుకోలేదు? నాలుగేళ్లు నిండేసరికి మాలో ఒకరికి, ఎవరికని అడగకండి, అక్కలాగే వీడూ టై కట్టుకొని బస్సెక్కాలన్న కోరిక పుట్టింది. 2023 జూన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్.కె.జి.లో చేర్చాం. ఫీజు కట్టించుకున్నారు. మేము ఏ ఏర్పాటూ చేయలేదు. ఫొటోల అట్ట లేదు, అవ్వ లేదు, చిన్నగా అలవాటు చేయడం లేదు. వాడు పాంటు తడుపుకున్నాడు, బెంచీ మీద కూర్చోలేదు, పక్కపిల్ల జడ లాగాడు. నలభై రోజులకు పిలిపించి, "మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారు, అర్థం చేసుకోండి" అన్నారు. సంచి భుజాన వేసుకొని వాడు గేటు దగ్గర ఆయమ్మకు టాటా చెప్పాడు. తనను పంపించేశారని వాడికి తెలియదు.

ఆ వారం మేమిద్దరం ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు. ఒకరు స్కూలును తిట్టారు, ఒకరు తమను తాము తిట్టుకున్నారు. వాళ్లు చేసింది తప్పే. కానీ ఒక్క పూట కూడా బిడ్డను గురించి ఆ క్లాసు టీచరుకు కూర్చొని వివరించని మాదీ తప్పే. అక్క మాత్రం, "తమ్ముడు పాత బడికే పోనీ, అక్కడ వాడికి ఫ్రెండ్స్ ఉన్నారు" అంది. తొమ్మిదేళ్ల పిల్లకు తోచిన ఉపాయం మాకు తోచలేదు. మళ్లీ అంగన్‌వాడీకే తీసుకుపోయాం. టీచరమ్మ ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. "వాడి చాప అట్లే ఉంది" అంది.

ఆ తర్వాతే చట్టం ఏముందో తెలుసుకున్నాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న బిడ్డకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఇంటి దగ్గరి మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది ఎంచుకోవచ్చు. గమనించారా, హక్కు ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది! తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది మూడుకూ ఆరుకూ నడుమ. ఆ నడిమి కాలానికి మనకు దిక్కు అంగన్‌వాడీయే. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ, దివ్యాంగ బాలలను అంగన్‌వాడీల్లో ఎలా గుర్తించాలో, ఎలా చేర్చుకోవాలో విధివిధానాలు కూడా విడుదల చేసింది. మీ టీచరమ్మకు దాని సంగతి తెలియకపోతే మీరే చెప్పండి. ధ్రువపత్రం కోసం ఒక పగలంతా వరుసలో నిలబడ్డాం, దాని గురించి ఇంకేం రాయం. కానీ అది చేయించుకోండి.

ప్రత్యేక పాఠశాల ఆలోచన మాకు రాకపోలేదు. సికింద్రాబాదులో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, అక్కడికి మారిపొమ్మని మా తమ్ముడు పోరాడు. ఆ తర్జనభర్జనలో ఉండగా తిరుపతి నుంచి కాట్పాడి రైల్లో వస్తుంటే పాకాల దగ్గర ఒక తల్లి పక్కన కూర్చుంది. చెవి వినబడని తన పాపను తిరుపతిలో దేవస్థానం వారి 'శ్రవణం' కేంద్రంలో చేర్చిందట. అక్కడ చిన్నపిల్లలకు వినికిడి యంత్రం పెట్టి మాట నేర్పుతూ, తల్లికీ పక్కనే కూర్చోబెట్టి నేర్పుతారు. పాప 'అమ్మ' అన్నదని ఆమె మాకు రెండుసార్లు చెప్పింది. ఆ పాపకు కావలసింది అలాంటి ప్రత్యేక చోటు. మా వాడికి కావలసింది వాడి సైగలు తెలిసిన వీధి పిల్లలు. వైకల్యం ఒకే మాటైనా ఒక్కో బిడ్డకు దారి వేరని ఆ రైల్లో అర్థమైంది. మేము ఊళ్లోనే ఉండిపోయాం. వారంలో కొన్ని రోజులు మండలంలోని భవిత కేంద్రానికి తీసుకుపోయాం. సమగ్ర శిక్ష కింద నడిచే ఆ కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు.

2025 జూన్‌లో మా వీధికి దగ్గరున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేర్చాం. ఈసారి తొందరపడలేదు. ఏప్రిల్‌లోనే నాలుగు సాయంత్రాలు ఖాళీ బడి చూపించాం. బాత్రూము తలుపు గడియ వాడు తీయగలడో లేదో చూశాం, తీయలేకపోయాడు. హెడ్‌మాస్టరు గారు దాన్ని కిందికి దించి బిగించారు. ఒక కాగితం మీద వాడి గురించి పది వాక్యాలు రాసి టీచరమ్మకు ఇచ్చాం: ఏమిష్టం, ఏం భయం, అలిసిపోతే ఎలా కూలబడతాడు, ఏ సైగకు ఏమర్థం. అంగన్‌వాడీ నుంచి అదే బడికి వెళ్తున్న ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టమని అడిగాం. అందులో ఒక పిల్ల ఇప్పుడు మా వాడి తరఫున టీచరమ్మతో వాదిస్తుంది కూడా. "వాడికి తెలుసు మిస్, చెప్పను రాదు అంతే" అంటుందట.

అక్షరాలు? 'అ', 'ల', తన పేరులో మొదటి అక్షరం గుర్తుపడతాడు. లెక్క ఐదు వరకు, అదీ ఇష్టముంటే. పక్కింటి పిల్లవాడు ఎక్కాలు చదువుతుంటే మా గుండెలో ఇప్పటికీ చివుక్కుమంటుంది. దాచకుండా రాయమన్నారు కనుక రాస్తున్నాం. పాంటు తడపడం పూర్తిగా మానలేదు, సంచిలో ఇంకో జత పెడతాం.

అమ్మగారూ, మీ పాపను పంపించండి. ముందు వీధి చివరి అంగన్‌వాడీకి, ముందు అరగంట, ముందు మీరు పక్కన కూర్చొని. వచ్చే ఆదివారాల్లో ఎప్పుడైనా చిత్తూరు వస్తే మా ఇంటికి రండి, ఆ పాత అట్ట చూపిస్తాం.

దానికి మళ్లీ పని పడింది కూడా. టీచరమ్మ వచ్చే నెల నుంచి ప్రసూతి సెలవులో వెళ్తున్నారు, కొత్త మిస్ వస్తున్నారు. నిన్న సాయంత్రం కొత్తావిడను అడిగి ఫొటో తీసుకొచ్చాం. చిన్నోడు పాత ఫొటో పీకనివ్వలేదు. దాని పక్కనే కొత్తది అంటించి, వేలు పెట్టి ఇద్దరినీ చూపించి, "మిస్, మిస్" అన్నాడు.