ఇచ్చిన చేతు లెవరివి?

చైనాదేశములోని గ్వాంగ్‌జౌ నగరమున, పెర్ల్ నదియొడ్డున, షామ్యాన్ అను చిన్న దీవి యొకటి కలదు. 1983లో తెఱచిన వైట్ స్వాన్ అను పెద్ద హోటలు అందున్నది. అమెరికా కాన్సలేటు చాలకాలము దాని ప్రక్కనే యుండెను. చైనా బిడ్డలను పెంచుకొన వచ్చిన అమెరికా దంపతులు, బిడ్డ యే రాష్ట్రమున చేతికి వచ్చినను, వీసాకొఱకు ఈ నగరమునకే రావలసియుండుటచే, ఆ హోటలు దత్తశిశువులకు విడిదియిల్లయ్యెను. చాంగ్షాలోనో నాన్‌చాంగ్‌లోనో బిడ్డను అందుకొని, ఇచ్చటికి వచ్చి, వైద్యపరీక్ష చేయించి, కాగితములు నింపి, ప్రమాణము చేసి, విమాన మెక్కులోపల వారు కొన్ని దినములు ఇచ్చట గడపెడివారు. బిడ్డలకు పట్టుబట్టలు తొడిగి, హోటలులోని యెఱ్ఱని సోఫాపై వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీయుట ఆచారమయ్యెను. తెల్లని తల్లి చేతిలో చైనా పసిపాప యున్న బార్బీబొమ్మ నొకదానిని ఆ హోటలులో దిగిన దంపతులకు కానుకగా నిచ్చెడివారు. దాని పేరునకు తెనుగున అర్థము ‘ఇంటికి పోవు బార్బీ’ యని.

ఈ బొమ్మను తలచినప్పుడెల్ల నాకొక సందేహము కలుగును. అందు పుచ్చుకొన్న తల్లి యున్నది, బిడ్డ యున్నది. ఇచ్చిన తల్లి యేది?

ఈ మాట యడిగినంతనే నన్ను దత్తతకు విరోధినని యెంచవలదు. 1992లో త్రోవ తెఱచినది మొదలు 2024లో మూసివేయువఱకు చైనానుండి లక్షా అఱువదివేలకు పైగా బిడ్డలు పరదేశములకు పోయిరి. అందు సగమునకు పైగా అమెరికాకే. తొలి రెండు దశాబ్దములందు పోయినవారిలో అత్యధికులు ఆడుబిడ్డలు. వారిలో ననేకులు ప్రేమగల యిండ్ల పెరిగి, చదివి, వృద్ధికి వచ్చిరి. రక్తసంబంధము లేనిదే మమకారము పుట్టదను మూఢవిశ్వాసమును ఆ యిండ్లు కూలద్రోసినవి. నా తగవు ఆ ప్రేమతో కాదు. ‘దిక్కులేని బిడ్డను తెచ్చి యిల్లిచ్చితిమి’ అని చెప్పుకొను కథతో నా తగవు. ఆ కథలో బిడ్డ జీవితము విమానాశ్రయమున మొదలగును. అంతకుముం దేమియు లేదు.

మన పూర్వపు దత్తవిధిని నేను పొగడువాడను కాను. పిండోదకములకై మగబిడ్డనే కోరి, ఆడుబిడ్డను దత్తతకే పనికిరానిదిగా చేసి, వితంతువును భర్త యనుమతికో జ్ఞాతుల సమ్మతికో చేయిచాచునట్లు చేసి, ఇచ్చువారు లేరను కారణమున అనాథశిశువును వాకిట నిలిపిన విధి యది. 1956 నాటి హిందూ దత్తత చట్టము ఆడుబిడ్డకును స్త్రీకిని న్యాయము చేసెను. 1962 నాటి సవరణ, విడువబడిన శిశువులను సంరక్షకు లిచ్చుటకు వీలు కల్పించెను. మంచిదే. అయినను ఆ పాతవిధిలో నొక్క సత్యము కలదు. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ప్రత్యక్షముగా జరుగవలెను. కన్నవారు పదుగురి యెదుట బిడ్డను చేతులార నియ్యవలెను. పెంచువారు చేతులార నందుకొనవలెను. 1956 నాటి చట్టమును దీనిని వదలలేదు. ఊరంతయు చూచినదానిని ఎవరు దాచగలరు?

గ్వాంగ్‌జౌ కాగితములలో ఇచ్చువారి స్థానమున రబ్బరుముద్ర యున్నది. దీనికి కారణము ఆ తల్లుల కఠినహృదయము కాదు. 1980 ప్రాంతము మొదలు 2015 వఱకు ఆ దేశమున కుటుంబమున కొక్కబిడ్డ యను శాసనము నడిచెను. పెక్కు పల్లెలలో తొలిచూలు ఆడుదైనచో రెండవ కాన్పునకు అనుమతి యుండెడిది; అదియు ఆడుదే యైనచో కొడుకునకు చోటు లేదు. మీఱినవారికి భారమైన జరిమానా. బిడ్డను విడుచుట నేరము. బహిరంగముగా ఇయ్యవలెనన్న త్రోవ దాదాపు లేదు. వంశోద్ధారకునికై అత్తమామల పోరు ఒకవంక, అధికారుల భయ మొకవంక. ఈ పోరు మన తెలుగు కోడండ్రకు వివరింప నక్కఱలేదు. తల్లి తెల్లవాఱకమునుపే సంతవీధిలోనో ఆసుపత్రి వాకిటనో బిడ్డను విడిచి పోయెను. కొందఱు పుట్టిన దినమును గడియను ఎఱ్ఱకాగితముపై వ్రాసి పొత్తిగుడ్డలలో పెట్టిరి. అనాథాలయమువారు బిడ్డకు పేరు పెట్టిరి. పలుచోట్ల అందఱకును ఒక్కటే యింటిపేరు. పుట్టినదినము తెలియనిచో ఊహించి వ్రాసిరి. దొరికిన చోటు వ్రాసి, పత్రికలో ప్రకటించిరి. ఎవరును రాలేదు. శిక్షకు వెఱచి విడిచిన తల్లి ప్రకటన చూచి వచ్చునా?

ఇచ్చువారు కనబడనిచోట అమ్మువారు ప్రవేశింతురు. పరదేశపు దంపతులు అనాథాలయమునకు చాలకాలము మూడువేల డాలర్లు చందా యిచ్చుచుండిరి. 2005లో హూనాన్ రాష్ట్రమునందలి హెంగ్‌యాంగ్ ప్రాంతపు అనాథాలయములు కొన్ని బేరగాండ్రయొద్ద పసిబిడ్డలను కొని, ‘దొరికిరి’ అని వ్రాసినట్లు బయల్పడెను. మఱుసటి యేట పలువురకు శిక్షలు పడెను. ఆ బిడ్డల కాగితములందు దొరికిన చోటు, దొరికిన దినము, చూచినవారి పేరు అన్నియు నుండెను. సత్యము మాత్రము లేదు.

కొరియా కథ యింతకంటె పాతది. యుద్ధానంతరము నుండి దాదాపు రెండులక్షల బిడ్డలు అచ్చటినుండి పోయిరి. అందు పెక్కుమందిని పెంచువారు పోయి తెచ్చుకొననైనను లేదు. తోడువచ్చినవారు విమానములో తెచ్చి, విమానాశ్రయమున అప్పగించిరి. తల్లిదండ్రులు బ్రదికియున్న బిడ్డలను గూడ అనాథలని పుస్తకముల కెక్కించిరని, ప్రభుత్వమే దీనికి బాధ్యత వహింపవలెనని, ఆ దేశపు సత్యాన్వేషణ సంఘము 2025 మార్చిలో ప్రకటించెను. ఇట్లు పోయినవారిలో కొందఱకు అమెరికాలో పౌరసత్వమైనను రాలేదు. అచ్చట 2000లో చేసిన చట్టము, 2001 ఫిబ్రవరి 27 నాటికి పదునెనిమిదేండ్లు నిండినవారికి వర్తింపలేదు. తమకు భాషయే తెలియని కొరియాకు నడివయస్సున త్రోలబడినవారును కలరు. ఇంటికి వచ్చితిమని నమ్మినవారికి ఇల్లే లేకపోయెను.

ఇది పరుల పాపమని మనము చేతులు కడుగుకొనరాదు. 1999లో మన తెలుగునేలమీదనే లంబాడి తండాలలోని పేదతల్లుల యొద్ద స్వల్పధనమునకు ఆడుశిశువులను కొని, వ్రేలిముద్రలు వేయించి, హైదరాబాదులోని అనాథాలయములకు చేర్చిన సంగతి వెల్లడియయ్యెను. 2001లో మఱల వెల్లడియయ్యెను. పరదేశ దత్తతకు నియమములు కావలెనని 1984లోనే సుప్రీముకోర్టు తీర్పుచెప్పియుండెను. చెప్పి పదునైదేండ్లయిన పిమ్మట జరిగిన వ్యాపార మిది. ఇచ్చట ఇచ్చినవారి వ్రేలిముద్ర యున్నది కదా యందురా? చదువురాని తల్లికి ఆ కాగితమున నేమి వ్రాసియున్నదో చదివి వినిపించినవా రెవరు?

‘పాతకథ త్రవ్వనేల? బిడ్డ సుఖముగా నున్నది చాలదా?’ అని సజ్జనులే అడుగుదురు. ఎవరి సుఖము? ‘మీ వంశమున ఈ వ్యాధి యున్నదా’ అని వైద్యు డడిగినప్పుడు పలుకలేనిది బిడ్డ. అద్దములో చూచుకొని, ఈ ముక్కు ఎవరిదని తలపోయునది బిడ్డ. మన యిండ్లలో పెంపుడుబిడ్డకు ఆ మాట చెప్పకుండుటయే ప్రేమయని యెంచుదురు. ఊరంత కెఱుకయే, బిడ్డ కొక్కదానికే తెలియదు. పెండ్లిసంబంధము కుదురు వేళనో, ఆస్తి పంపకమువద్దనో, కోపగించిన పెదనాన్న నోట అది పిడుగువలె పడును. ఆనాడు బిడ్డకు దుఃఖము కలిగించునది తాను పెంపుడుబిడ్డ యగుట కాదు. ఇంతకాలము అమ్మ తనతో బొంకుటయే.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ యొకటి కలదు. పెండ్లికాని తల్లి తన పేరు దాచుమని వేడుకొన్నచో? లోకమునకు దాచుట ధర్మమే. అంతమాత్రమున కాగితమున అబద్ధము వ్రాయనక్కఱలేదు. ఉన్నది వ్రాసి, ముద్రవేసి, భద్రపఱచి, బిడ్డ పెద్దయై అడిగిననాడు ఆ తల్లి సమ్మతిని మఱల కోరవచ్చును. నేటి మన చట్టము బిడ్డ నిచ్చు తల్లికి మనస్సు మార్చుకొనుటకు 60 దినముల గడువిచ్చుచున్నది. ఎదిగిన బిడ్డ తన మూలము వెదకుకొనుటకు త్రోవయు చూపుచున్నది. ఆ త్రోవ చివర ఖాళీకాగిత మున్నచో ఆ హక్కెందులకు? ఇక ఆ తల్లి పేరు దాచుకొనవలసి వచ్చుటకు కారణమైన సిగ్గును ఆమె తల కెక్కించినవారము మనమే.

నేడు అమెరికానుండి హైదరాబాదునకును విజయవాడకును వచ్చి బిడ్డలను తీసికొనిపోవు తెలుగు దంపతులును గలరు. ఏండ్ల తరబడి వేచి, జాబితాలో తమ వంతు వచ్చి, ఉత్తరువు అంది, పాసుపోర్టు చేతబడినంతనే మొదటి విమానమునకు పరుగెత్తవలెనను వారి ఆత్రుత నే నెఱుగుదును. రెండుదినములు నిలువుడు. బిడ్డ నింతవఱకు ఎత్తుకొన్న ఆయా పేరడుగుడు. ఏ పాటకు నిద్రపోవునో అడుగుడు. దొరికిన ఊరు ఫలానాయని వ్రాసియున్నచో ఆ ఊరికి పోయి చూడుడు. బిడ్డ ఒంటిమీది పాతగౌను మాసినదని పాఱవేయవలదు. చైనాకు పోయిన దంపతులలో కొందఱు వివేకవంతులు దొరికిన గుమ్మమునకు పోయి ఛాయాచిత్రము తీసికొనిరి, ఎఱ్ఱకాగితమును దాచియుంచిరి. ఇరువదియేండ్ల తరువాత నేడు ఎదిగిన పిల్లలు ఆ గుమ్మములే వెదకుకొనుచు పోవుచున్నారు. రక్తపరీక్షలకంటె సూక్ష్మమైన డీఎన్ఏ పరీక్షలచే కొందఱకు కన్నవారు దొరకుచున్నారు కూడ. కన్నవారిని చూచివచ్చినంతమాత్రమున పెంచినవారిని విడిచిపోదురను భయము పెంచినవారిదేగాని పిల్లలది కాదు.

ఆనాడు గ్వాంగ్‌జౌ వదలునప్పుడు అమెరికా కాన్సలేటువారు ఆ దంపతులకు ముద్రవేసిన దళసరి కవరు నొకదాని నిచ్చెడివారు. దానిని త్రోవలో విప్పరాదు. దేశమున దిగగానే వలసశాఖ యధికారికి అప్పగింపవలెను. తల్లి యొకచేత నిద్రించుచున్న బిడ్డను, రెండవచేత ఆ కవరును పట్టుకొని సముద్రము దాటెడిది. దిగినవెంటనే కవరు బల్లమీద పెట్టి, బిడ్డను మాత్రమే యింటికి తీసికొనిపోయెడిది.