వాన వెలిసిన వారమే జాగ్రత్త

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా కె. కోటపాడు. మా ఆయన పొలానికి, పిల్లలు బడికి వెళ్తారు. రానున్న వారంలో మొదటి మూడు రోజులు ఉరుములతో వానలు, తరువాత పొడి వాతావరణం అని ఫోనులో చూపిస్తోంది. ఆ మూడు రోజులు జాగ్రత్తగా ఉంటే చాలా? ఏటా ఈ రోజుల్లోనే మా ఇంట్లో ఎవరో ఒకరు జ్వరంతో మంచం పడుతున్నారు. – ఒక గృహిణి

జవాబు: చాలదు. వానరోజున గొడుగు, చెప్పులు, వేడినీళ్లు అన్నీ గుర్తుంటాయి. ఎండ కాయగానే మరచిపోతాం. జ్వరాలకు అదే అదను.

ఉత్తర, హస్త, చిత్త కార్తెలు నడిచే ఈ కాలంలో పగలు ఎండ చురుక్కుమంటుంది, సాయంత్రానికి మబ్బు కమ్ముతుంది. నైరుతి రుతుపవనాలు తిరుగుముఖం పట్టే వేళ ఇది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు పుట్టే కాలం కూడా ఇదే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ను మీ ప్రాంతం వారు మరచిపోలేరు.

వాతావరణ సూచనను ఎలా చదవాలో ముందు తెలుసుకోండి. 'అక్కడక్కడ వర్షాలు' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగోవంతుకు మించని చోట్ల వాన పడవచ్చునని అర్థం. మీ ఊళ్లో చినుకు పడకపోయినా సూచన తప్పినట్లు కాదు. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన. మొదటి రెండు మూడు రోజుల సూచనను నమ్మినంతగా ఏడవ రోజు సూచనను నమ్మలేం. కనుక రోజూ కొత్త సూచన చూడండి.

వాన పడే రోజుల్లో: ఉరుము వినబడితే పొలంలో ఉన్నవారు చెట్టు కిందికి కాక, పక్కా ఇంట్లోకి చేరాలి. బోరు నీరైనా, కుళాయి నీరైనా మరగకాచి చల్లార్చి తాగండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కలిపిన నీటిని 24 గంటలు దాటాక పారబోయండి. పసిపిల్లలకు చనుపాలు మానిపించవద్దు. కాళ్లకు పుండ్లు, పగుళ్లు ఉన్నవారు మడి నీటిలో దిగవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఆ గాయాల గుండానే ప్రవేశిస్తుంది.

వాన వెలిసిన రోజుల్లో: అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కొబ్బరి చిప్పలో, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. ఆ దోమ జ్వరం ఉన్న మనిషిని కుట్టి, కొన్ని రోజుల తరువాత మరొకరికి వ్యాధి అంటిస్తుంది. కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. అంటే ఈ వారం వాన ఫలితం కొన్ని వారాల తరువాత, మనం వానను మరచిపోయాక కనిపిస్తుందన్నమాట.

తుపాను భయంతో నీళ్లు నిలవ చేయడం మంచిదే. హుద్‌హుద్ తరువాత చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక జనం అవస్థ పడ్డారు. అయితే మూత లేని డ్రమ్ము దోమలకు పుట్టిల్లు. వారానికొక రోజు పెట్టుకుని డ్రమ్ములు, తొట్లు ఖాళీచేసి, గోడలు పీచుతో గట్టిగా రుద్ది, ఆరబెట్టి మళ్లీ నింపండి. ఉత్తినే నీరు పారబోస్తే చాలదు. గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఈ దోమ పగలే కుడుతుంది. పిల్లలను నిండు చేతుల చొక్కాలతో బడికి పంపండి.

జ్వరం వస్తే: రెండో రోజు దాటనివ్వకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించండి. ఏజెన్సీకి వెళ్లివచ్చినవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, మలేరియా పరీక్ష అవసరం. చంకల్లో, గజ్జల్లో నల్లటి పొక్కు కనిపిస్తే అదీ చూపించండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. సకాలంలో గుర్తిస్తే తేలికైన మందుతోనే నయమవుతుంది.

పరీక్ష ఫలితం తేలేదాకా జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడరాదు. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని రోజులు గడపవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, డెంగీలో జ్వరం దిగిన రోజే ప్రమాదం ఎక్కువ. సాధారణంగా 3వ రోజు నుంచి 7వ రోజు లోపల జ్వరం తగ్గుతుంది. అప్పుడు కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడడం, మగత వంటివి కనిపిస్తే 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 'జ్వరం తగ్గిందిగా, రేపు చూద్దాం' అని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ వారం వాన మూడు రోజులే కావచ్చు. మీ జాగ్రత్త మాత్రం దీపావళి దాకా సాగాలి.