మనశ్శాస్త్ర పఠనము

ఇంటర్మీడియేటు తరగతులలో చేరిన మన బాలబాలికలు తమ జ్ఞాపకశక్తినే పెట్టుబడిగా నుంచి, వేకువజామునుండి రాత్రి ప్రొద్దుపోవువరకు శ్రమించుచున్నారు. ఆ జ్ఞాపకశక్తి ఎట్లు పనిచేయునో, భయము దానినెట్లు క్రుంగదీయునో వారికి తెలుపువారు మాత్రము అరుదు. పనిముట్టును చేతికిచ్చి దాని మర్మమును చెప్పని విద్యను సంపూర్ణ విద్యయని మేమనజాలము.

సి.బి.యస్.ఇ. పాఠశాలలయందు 11, 12 తరగతులలో మనశ్శాస్త్రము ఐచ్ఛిక విషయముగా నున్నది. అభ్యసనము, స్మృతి, ఉద్వేగములు, మానసిక రుగ్మతలు, చికిత్సా విధానములు అందలి పాఠములు. పరీక్షలో 70 మార్కులు వ్రాతకును, 30 మార్కులు ప్రయోగములకును కేటాయింపబడినవి. మన తెలుగు రాష్ట్రముల ఇంటర్మీడియేటు కళాశాలలలోనన్ననో, ఎం.పి.సి., బై.పి.సి.ల సందడిలో ఈ శాస్త్రము పేరు తలచువారే కొలదిమంది.

ఇది పరదేశపు విద్య, మనకేల యని కొందరందురు. 1879లో జర్మనీదేశమందలి లైప్‌జిగ్‌నగరమున వుంట్ పండితుడు ప్రయోగశాలను నెలకొల్పిన మాట నిజమే. కాని 1916 నాటికే కలకత్తా విశ్వవిద్యాలయమున ప్రయోగాత్మక మనశ్శాస్త్ర శాఖ వెలసినది. చిత్తవృత్తులను గూర్చి యోచించుట పతంజలి పుట్టిన దేశమునకు క్రొత్తయా? పూర్వుల యోచనను కొనియాడి యూరకుండక, దానికి నేటి ప్రయోగ పరీక్షను జోడించుటయే మన కర్తవ్యము.

ఉద్యోగము నీయని చదువేల యని మరికొందరి ప్రశ్న. 1885లో ఎబింగ్‌హౌస్ పండితుడు అర్థరహితములగు అక్షరకూటములను తానే కంఠస్థము చేసి, మరపు ఎంత వేగముగా వచ్చునో కొలిచి చూపెను. ఒక్కమారే పలుమార్లు వల్లించుటకంటె, ఎడమిచ్చి కొన్ని దినములపాటు వల్లించుట మేలని కూడ ఆయన పరిశోధనము తేల్చెను. ఈ యొక్క పాఠము గ్రహించిన విద్యార్థి పరీక్షకు ముందటి రాత్రి నిద్ర మానుకొనునా?

అరకొర జ్ఞానముతో పిల్లలు తమకు లేని వ్యాధులను తగిలించుకొందురను శంక మాత్రము త్రోసిపుచ్చదగినది కాదు. అందుచేతనే సమర్థుడగు ఉపాధ్యాయుడు అవసరము. దుఃఖమునకును రుగ్మతకును గల భేదమును, ఎప్పుడు వైద్యుని చెంతకు పోవలయునో ఆ వివేకమును తరగతిగదిలో నేర్పకున్న, వారు దానిని చేతిలోని ఫోనునుండి తప్పులతడకగా నేర్చుకొందురు.

విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున 2025 జులైలో సుప్రీముకోర్టు, నూరుగురుగాని అంతకు మించిగాని విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయు అర్హత గల సలహాదారునో, మనశ్శాస్త్రవేత్తనో, సాంఘిక కార్యకర్తనో ఒకరినైనను నియమింపవలెనని ఆదేశించినది. శిరోధార్యమైన ఆజ్ఞ! కాని ఇందరు సలహాదారులు ఎచ్చటనుండి వత్తురు? వసతిగృహమున ఒంటిగా కుమిలిపోవు పల్లెటూరి బిడ్డ తన వేదనను తన తెలుగున చెప్పుకొన్న, విని గ్రహింపగలవారెవరు? వారు మన కళాశాలలనుండియే రావలయును. విత్తు నాటక పంటకై ఎదురుచూచుట అవివేకము. మరియు పాఠము సలహాదారునికి బదులు కాజాలదు, రెండును కావలయును.

కావున మా కోరిక స్పష్టము. ప్రతి ప్రభుత్వ జూనియరు కళాశాలయందును మనశ్శాస్త్రమును బోధింపవలయును. గణితము చదువువారికిని దానిని చదువుకొను వీలుండవలయును. తేటతెలుగున మంచి గ్రంథములు వ్రాయింపవలయును. ముఖ్యముగా, దానిని మరియొక బట్టీపాఠముగా మార్చరాదు. స్మృతిని గూర్చిన పాఠమునే అర్థము తెలియక వల్లెవేయించుటకంటె హాస్యాస్పదమేమున్నది?

బిడ్డలకు వచ్చిన మార్కులను మనము లెక్కించుచునే యున్నాము. ఆ మార్కులను మోయు మనస్సును గూర్చియు ఇకనైన విచారింతము.