గ్రామసభ దాకా రాని అధికారం

కేంద్రం పెత్తనం తగ్గాలని ఇప్పుడు ముఖ్యమంత్రులు కూడా అంటున్నారు. పన్నుల్లో వాటా తగ్గిందని లెక్కలు తీస్తున్నారు. పెత్తనం తగ్గాలని మేమూ అంటున్నాం, కానీ మా లెక్క వేరు. ఢిల్లీ వదిలిన అధికారం హైదరాబాదులోనో అమరావతిలోనో ఆగిపోయేదైతే ఏజెన్సీలో ఆకు కూడా కదలదు.

రాజ్యాంగం రాసుకున్న నాడు అడవులూ చదువూ రాష్ట్రాల జాబితాలో ఉండేవి. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, 42వ సవరణతో రెండింటినీ ఉమ్మడి జాబితాలోకి మార్చారు. మనకు బతుకు అడవి, మన పిల్లలకు బతుకు బడి. రెండింటి మీదా ఒకే సవరణతో ఢిల్లీ చెయ్యి పడింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. అడవిని మరో పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలన్నారు. ఆ చట్టం పోడు చేసుకునేవాడికి గోడ అయింది, గనుల కంపెనీకి గేటు అయింది. గేటుకైతే తాళంచెవి ఉంటుంది కదా.

ఆ తాళం దగ్గర గ్రామసభను నిలబెట్టింది 2006 అటవీ హక్కుల చట్టం. అడవి భూమి మళ్లించాలంటే గ్రామసభ సమ్మతి ఉండాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలోని నియంగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది. గూడెం మాటకు అంత బలం ఉందని ఢిల్లీ చూసింది. 2022లో కొత్త నియమాలు వచ్చాయి. తుది అనుమతి ఇచ్చే ముందు అటవీ హక్కులు తేలాయో లేదో చూసుకునే పనిని కేంద్రం వదిలేసుకుంది. అనుమతి ఇచ్చాక ఆ సంగతి రాష్ట్రం చూసుకుంటుందట. జాతీయ ఎస్టీ కమిషన్ అభ్యంతరం చెప్పినా వినలేదు. అనుమతి కాగితం జేబులో పెట్టుకుని వచ్చినవాడి ముందు గ్రామసభ కూర్చుని ఏం తేల్చాలి? పెళ్లయ్యాక పెళ్లిచూపులకు పిలిచినట్టు. అధికారం దగ్గర పెట్టుకుని బాధ్యతను కిందికి తోసెయ్యడాన్ని వికేంద్రీకరణ అని మా చేత అనిపించకండి.

పోలవరం సంగతి అందరికీ తెలిసిందే. 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తెలంగాణ నేతలు మా భూమి పోయిందన్నారు, ఆంధ్ర నేతలు మా ప్రాజెక్టు దక్కిందన్నారు. మునిగే కోయ, కొండరెడ్డి గూడేల గ్రామసభలను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక బడి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ మానకముందే, 2023లో ఏకలవ్య గురుకులాల టీచర్ల నియామకాన్ని ఢిల్లీలోని జాతీయ సంస్థ చేతికి తీసుకుంది. పరీక్షలో హిందీ తప్పనిసరి చేశారు. ఉత్తరాది నుంచి ఎంపికైనవాళ్లను దక్షిణాది బడులకు వేశారు. పాపం, వచ్చినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లూ ఉద్యోగం కోసమే వచ్చారు. కానీ కోయ పిల్లవాడు 'ఏరు' అన్నాడంటే నీళ్లు కావాలని. తెలుగు పంతులుకు అది వాగులా వినిపిస్తుంది. హిందీ పంతులుకు ఏమీ వినిపించదు. ఇదే నేలమీద ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారయ్యాయి. ఆ భాషలు మాట్లాడేవాళ్లు దగ్గర కూర్చుంటేనే అది జరిగింది. ఢిల్లీలో పెట్టిన పరీక్షతో ఆ పని అవుతుందా?

మనలో పెద్దలు ఒక మాట అంటారు: ఐదో షెడ్యూలూ, పెసా, అటవీ హక్కుల చట్టం అన్నీ ఢిల్లీ నుంచే వచ్చాయి కదా, రాష్ట్రాలకు వదిలేస్తే మనల్ని మింగెయ్యవా అని. ఆ భయం ఉత్తది కాదు. 1996 నాటి పెసాకు ఆంధ్రప్రదేశ్ నియమాలు రాసింది 2011లో. పదిహేనేళ్లు! కానీ ఆ చట్టాల్లో ఏముందో చూడండి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభది, భూసేకరణకు ముందు సంప్రదింపు గ్రామసభతో. అంటే అధికారాన్ని కిందికి దింపమనే ఢిల్లీ ఒప్పుకుంది. ఐదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల పాలన గురించి రాష్ట్రాలను ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. మన కోసం దాన్ని వాడమంటే మాత్రం అది రాష్ట్రాల విషయం అంటారు. రక్షించమంటే చేతులు ముడుచుకుని, తీసుకోవాలంటే చాచే ప్రభుత్వం ఇది. ఆ చాచిన చేతినే కుదించమంటున్నాం. స్కాలర్‌షిప్పులూ రేషనూ కోసెయ్యమని ఎవరూ దీన్ని వాడుకోవద్దు. డబ్బు రావాల్సిందే, అది మన పన్నూ మన గనులూ కూడా. దాన్ని ఎక్కడ ఎలా ఖర్చు పెట్టాలో గూడెం చెప్పాలి.

పెసా ప్రకారం గ్రామసభ అంటే మన గూడెమే, పదూళ్ల పంచాయతీ కాదు. కాబట్టి చదువుకున్న పిల్లలూ, తోటి పంతుళ్లూ ఈ వేసవిలోనే ఒక పని మొదలుపెట్టాలి. మీ గూడెం పేరున గ్రామసభ తీర్మానాల పుస్తకం ఉందో లేదో అడగండి. ఉంటే చదివి వినిపించండి, సమావేశమే జరగకుండా పడిన వేలిముద్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లేకపోతే కొత్త పుస్తకం తెరిచి, మొదటి తీర్మానం మీ భాషలోనే రాయండి.