బండల్లోని చరిత్రను బద్దలు కొట్టుకోవద్దు

గుమ్మఘట్ట: "వాన లేక ఊరు అల్లాడుతుంటే, రాళ్లలో ఎముకలు వెతికేవాళ్లతో మనకేం పని?" అని రచ్చబండ దగ్గర ఎవరైనా అంటే తప్పుపట్టనక్కరలేదు. చేలో వేరుశనగ ఎండుతున్న రైతుకు ముందు కావలసింది నీళ్లే. అయినా శిలాజ శాస్త్రవేత్తలు చేసే పని పనికిమాలినది కాదు.

గుమ్మఘట్ట, రాయదుర్గం గుండ్లలో శిలాజాలు దొరకవు. ఇవి భూమి లోపల కరిగి గట్టిపడిన రాళ్లు. చెరువులో ఒండ్రు పేరుకున్నట్లు పొరలు పొరలుగా ఏర్పడిన రాళ్లలోనే పాతకాలపు జీవుల గుర్తులు నిలుస్తాయి. అలాంటి పొరలు జిల్లాలో తాడిపత్రి వైపున ఉన్నాయి. అటు కడప జిల్లా వేంపల్లె దాకా సున్నపురాతిలో ఉల్లిగడ్డను కోసినట్లు వలయాలు కనిపిస్తాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని సముద్రంలో, కంటికి ఆనని జీవులు కట్టిన పొరలవి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. నేడు కరువుసీమ అనిపించుకుంటున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదన్నమాట! పూజగదిలోని సాలగ్రామం కూడా సముద్రజీవి శిలాజమే.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వించగా ఎన్నో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. అందులో ఒక ఖడ్గమృగం జాతికి కర్నూలు పేరే పెట్టారు. గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త ఆ ఊరి పేరు కలిపారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఉంది.

ఇది కేవలం వింత కాదు. ఏ పొర ముందుది, ఏది తర్వాతిది అన్నది శిలాజాలు చెబుతాయి. సింగరేణి బొగ్గు ఒకనాటి చెట్లే. బోరుకు చోటు చూపే భూగర్భ శాస్త్రం, ఇదీ ఒక తల్లి బిడ్డలే.

చిక్కల్లా ఒక్కటే. గనిలో పలుగు పోటుకు పగిలి కంకరలో కలిసిన శిలాజం మళ్లీ రాదు. పెకలించి ఇంటికి తెచ్చినా, ఏ పొరలో దొరికిందో తెలియకపోతే దాని విలువ సగం పోయినట్లే. కాబట్టి రాతిలో ఎముకో, ఆకు అచ్చో కనిపిస్తే కూలీలు కదపకుండా అధికారులకు తెలపాలి. అధికారులూ ఆ కబురును ఫైళ్లలో పడేయకుండా శాస్త్రవేత్తలను రప్పించాలి. ఇందుకు పని ఆగిన రోజు కూలి నష్టపోకుండా చూడడం గని యజమానుల బాధ్యత.

తాడిపత్రి గుళ్లు చూపించడానికి పిల్లలను తీసుకుపోయే హైస్కూలు బస్సు, ఆ బండల దగ్గర కూడా ఒక గంట ఆగితే ఖర్చేమీ పెరగదు. పుస్తకంలో చదివిన పాఠం చేత్తో తాకి చూసిన పిల్లవాడు రేపు ఆ రాయి మీద సమ్మెట వేసే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.