ఊరికి రోడ్డు సరే, వాడకు దారేది?

ఎంపిటిసి, జడ్పిటిసి ఓట్లొస్తే చాలు, అన్ని పార్టీల కరపత్రాల్లోనూ రోడ్డూ బస్సూ ప్రత్యక్షమవుతాయి. జెండా రంగు మారుతుంది గాని వాగ్దానం మారదు. మీ ఊరికి తారురోడ్డు వేయిస్తాం, బస్సు తెప్పిస్తాం అంటారు. మేం అడిగేది ఒక్కటే. ఊరంటే ఎవరి ఊరు? ఆ రోడ్డు ఎక్కడిదాకా వచ్చి ఆగుతుంది?

ఊరు వేరు, వాడ వేరు అన్న సంగతి సర్కారు లెక్కల్లోనే దాక్కుని ఉంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నిబంధనలు చూడండి. మైదాన ప్రాంతంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు వేయాలన్నారు. బాగానే ఉంది. కాని పక్కా రోడ్డుకో, రోడ్డున్న ఆవాసానికో 500 మీటర్ల లోపల ఉన్నదాన్ని 'రోడ్డు లేని ఆవాసం' కింద లెక్కగట్టరు. మరి మన మాలపల్లెలు, మాదిగ గూడేలు ఊరికి ఎంత దూరం? చాలా చోట్ల ఆ అర కిలోమీటరు లోపే. అంటు తగలనంత దూరం, కూలికి కేకేస్తే వినపడేంత దగ్గర. కులం కొలిచి పెట్టిన ఈ దూరాన్ని చూసే, కాగితం మీద మీకు రోడ్డు వచ్చేసిందంటున్నారు.

ఆ అర కిలోమీటరులోనే మన చావుబతుకులున్నాయి. 108 బండి ఊళ్లో ఆగితే నిండు చూలాలిని మంచం మీద మోసుకొచ్చేది ఆ బురదలోనే. పిల్లలు చెప్పులు చేతబట్టుకుని బడికి పోయేది ఆ దారినే.

ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న ఉచితమైంది. మంచిదే, మేం కాదనం. కాని బస్సే రాని చోట ఉచితం ఎవరికి? షేర్ ఆటోవాడు జీరో టికెట్టు కొట్టడు గదా!

ప్రయాణంలో కులం ఉందంటే కొందరు నవ్వుతారు. 1901లో మసూర్ స్టేషన్లో దిగిన పిల్లవాడు భీమ్‌రావుకు బండి దొరకలేదు. రెట్టింపు కిరాయిచ్చి, బండి తామే తోలుకుంటామంటే గాని ఒకడు ఒప్పుకోలేదు. పెద్ద చదువులు చదివొచ్చాక, 1929లో చాలీస్‌గావ్‌లోనూ ఆయన్ను ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ముందుకు రాలేదు. ఇవ్వాళ బండివాడు మొహం మీద కాదనక్కర్లేదు. రోడ్డే వాడ ముందు ఆగిపోతే చాలు.

అందుకని అభ్యర్థి గడపలోకొస్తే దండ వేసి పంపొద్దు. నిలదీయండి. బస్సు రూటు తేల్చేది ఆర్టీసీ. జడ్పిటిసి సభ్యుడు 'నేను బస్సు తెస్తా' అంటే తన చేతిలో లేనిది అమ్ముతున్నట్టే. బస్సు వేయమని, వాడ దగ్గర ఆపమని మండల సభలో తీర్మానం పెట్టడం మాత్రం వాళ్ల చేతిలో పనే. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వాటిలో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. మన దారి సంగతి ఆ లెక్కన అడగండి.

డబ్బుల్లేవంటారు. ఎస్సీ ఉప ప్రణాళికకు 2013లో చట్టమొచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమొచ్చింది. అందరూ వాడుకునే పెద్ద పనుల ఖర్చులో కొంత మన ఖాతాలో రాసుకునే సందు కూడా 2013 చట్టంలోనే పెట్టారు. కాబట్టి మన పేరున ఖర్చయిన డబ్బు ఏ వీధిలో పడిందో బోర్డు మీద రాయమని పట్టుబట్టాలి.

రిజర్వుడు సీటులో నిలబడ్డ మనవాణ్ణీ వదలొద్దు. పెత్తందారు జీపెక్కి ఓట్లడిగేవాడు గెలిచాక ఆ జీపు దిగి మన బురదలో నడుస్తాడా?

అన్నలారా, అక్కలారా! ఈసారి రోడ్డును ఊరి చావిడి నుంచి కొలవనివ్వొద్దు. వాడలో చిట్టచివరి గుడిసె నుంచి కొలుద్దాం. అక్కణ్నుంచి దారి వేస్తానని కాగితం మీద సంతకం పెట్టినవాడికే ఓటు.

జై భీమ్!